711వ నంబరు గది, మన డైరెక్టరీ

మొన్న జనవరిలో మన సంఘం కార్యవర్గం హైదరాబాదులో కూర్చున్నప్పుడు, స్వర్ణోత్సవాల ఏర్పాట్ల మధ్యలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన పూర్వ విద్యార్థుల్లో వ్యాపారాలు, చిన్న పరిశ్రమలు నడుపుకునే వాళ్ల పేర్లతో ఒక డైరెక్టరీ అచ్చు వేద్దామని. ఒక్కో వృత్తి కింద ఒక్కరి పేరే ఉండాలి, మనలో మనకు పోటీ రాకూడదు. నెలకోసారి కలవాలి. ఎవరు ఎవరికి ఎంత పని ఇప్పించారో లెక్క రాయాలి. ఏడాది చివర అందరికంటే ఎక్కువ ఇప్పించిన వారికి శాలువా కప్పాలి. "మనోళ్ల పని మనోళ్లకే" అన్నారు ఎవరో వెనక నుంచి. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

ఇంటికి వెళ్తూ ఉంటే దారిలో గుర్తొచ్చింది. ఈ ప్రతిపాదన కొత్తది కాదు. 120 ఏళ్ల కింద చికాగో నగరంలో కొందరు ఇంచుమించు ఇవే నిబంధనలతో ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. మన ఊళ్లో కంటి శిబిరాలు పెట్టింది వాళ్లే. కానీ ఆ నిబంధనల్లో కొన్ని ఎప్పుడో పోయాయి. అవెందుకు పోయాయో తెలుసుకున్నాక, నేను కొట్టిన చప్పట్ల మీద నాకే అనుమానం కలిగింది. ఆ కథ చెప్పడానికే సంపాదకులను నాలుగు పేజీలు అడిగి తీసుకున్నాను. చరిత్ర చెప్పడం మన సోషల్ సారు పని. ఆయన శిష్యుడిగా నాకు 35 మార్కులు దాటలేదు. తప్పులుంటే సారు మన్నించాలి.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. లేకపోతే ప్యానెళ్లు చేసుకునేవాడికి చికాగో ఎందుకని మీరు అడుగుతారు.

నేను మన బడిలో 1985లో పది పాసయ్యాను. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో కొన్నాళ్లు చేసి, 1999లో మానేసి బాలానగర్‌లో చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నాను. మోటార్లకు కంట్రోల్ ప్యానెళ్లు చేస్తానని బోర్డు పెట్టాను. ఇద్దరు పనివాళ్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్. మొదటి అయిదు నెలలు ఒక్క ఆర్డరు రాలేదు. రోజూ కలిసే మిత్రులు పదిమంది ఉండేవాళ్లు, అందరికీ చెప్పాను. అందరూ చూస్తామన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్లకు తెలిసినవాళ్లంతా నాకూ తెలిసినవాళ్లే.

మొదటి ఆర్డరు నల్లగొండ బస్టాండులో దొరికింది. పద్నాలుగేళ్లుగా చూడని మా క్లాసు మిత్రుడు ఒకడు టీకొట్టు దగ్గర నన్ను గుర్తుపట్టాడు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తున్నాడు. "ఏం చేస్తున్నవ్ రా?" అన్నాడు. చెప్పాను. వారం తిరక్కుండా వాళ్ల సేటు దగ్గర నన్ను నిలబెట్టాడు. 60 హార్స్‌పవర్ మోటారుకు స్టార్ డెల్టా స్టార్టరు కావాలి. సేటు నన్ను చూడలేదు, అతన్ని చూశాడు. "నీ పూచీయేనా?" అని అడిగాడు. "నాదే" అన్నాడు వాడు. నెలకు మూడువేల జీతగాడు, నలభై వేల ప్యానెల్‌కు పూచీ పడ్డాడు. ఆ ప్యానెల్ బాగా నడిచింది. ఆ మిల్లు చూసి పక్క మిల్లు, అది చూసి ఇంకో మిల్లు. మూడేళ్లలో ఆ ఒక్క ఊళ్లోనే పదకొండు మిల్లులకు చేశాను. ఇవాళ నా దగ్గర ఇరవైరెండు మంది పనిచేస్తున్నారంటే ఆ టీకొట్టే కారణం.

రోజూ కలిసే పదిమంది చేయలేని పని, పద్నాలుగేళ్లకు కలిసినవాడు ఎలా చేశాడు? దీన్ని లెక్కగా చూపించినవాడు ఒకడున్నాడు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించిన వాళ్లను అడిగాడు: మీకు ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారు? తరచుగా అన్నవాళ్లు 16.7 శాతం. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం. చాలా అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. 1973లో ఈ వ్యాసం అచ్చయింది. పాత కాలేజీ మిత్రులు, ఒకప్పుడు కలిసి పనిచేసినవాళ్లు ఇలాంటి కబుర్లు మోసుకొస్తారని అందులోనే రాశాడు. దగ్గరివాళ్లకు మన మీద ప్రేమ ఎక్కువ, కానీ వాళ్ల కబుర్లు మన కబుర్లే. దూరమైనవాడు వేరే లోకంలో తిరుగుతుంటాడు. ఆ లెక్కన చూస్తే, వెయ్యి ఊళ్లకు చెదిరిపోయిన మన పూర్వ విద్యార్థుల సంఘం కంటే మంచి వ్యాపార వల ఇంకోటి ఉండదు. కాబట్టి జనవరిలో ఆ ప్రతిపాదన తెచ్చిన తమ్ముడి ఆలోచన తప్పని నేను అనడం లేదు.

ఇక చికాగో.

పాల్ హారిస్ అనే వకీలు 1896లో ఆ నగరానికి వచ్చాడు. పుట్టింది విస్కాన్సిన్ రాష్ట్రం రేసీన్‌లో అయినా, తాత నాయనమ్మల దగ్గర వెర్మాంట్‌లో వాలింగ్‌ఫర్డ్ అనే పల్లెలో పెరిగాడు. 1891లో లా పూర్తయ్యాక అయిదేళ్లు దేశమంతా తిరిగి దొరికిన పనల్లా చేశాడు. పల్లెలో పెరిగినవాడికి నగరంలో ఏం తక్కువవుతుందో ఈ సంచిక చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 1900లో ఒక సాయంత్రం బాబ్ ఫ్రాంక్ అనే తోటి వకీలుతో భోంచేసి, ఆయన ఉండే పేటలో నడుస్తున్నాడు. దారి పొడుగునా దుకాణాల వాళ్లు ఫ్రాంక్‌ను పేరుపెట్టి పలకరిస్తున్నారు. ఈయన వాళ్లను పేరుపెట్టి పిలుస్తున్నాడు. అది చూసి హారిస్‌కు తన ఊరు గుర్తొచ్చింది. వేరువేరు పనులు చేసేవాళ్లు కొందరు స్నేహంగా కలిస్తే ఇక్కడా ఊరు కట్టుకోవచ్చు కదా అనిపించింది.

ఆ ఆలోచన అయిదేళ్లు నానింది. 1905 ఫిబ్రవరి 23 రాత్రి డియర్‌బర్న్ వీధిలోని యూనిటీ బిల్డింగులో 711వ నంబరు గదిలో నలుగురు కూర్చున్నారు. హారిస్ వకీలు. సిల్వెస్టర్ షీల్ బొగ్గు వ్యాపారి. హైరమ్ షోరే దర్జీ దుకాణం యజమాని. నాలుగోవాడు గస్టావస్ లోర్, గనుల ఇంజనీరు. ఆ గది ఆయన ఆఫీసే. ఇంజనీర్లు ఎక్కడైనా ఇంతే, చోటు ఇస్తారు, పేరు మాత్రం వేరేవాళ్లకు వస్తుంది. కొద్ది రోజులకే హ్యారీ రగల్స్ అనే అచ్చాఫీసు యజమాని వచ్చి చేరాడు. ఒకసారి ఒకరి ఆఫీసులో, ఇంకోసారి ఇంకొకరి దుకాణంలో వంతులవారీగా కలిసేవారు. వంతు తిరుగుతుంది కాబట్టి రోటరీ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడాది చివరికి 30 మంది అయ్యారు.

1906లో రాసుకున్న నిబంధనావళిలో ఉద్దేశాలు రెండే. మొదటిది సభ్యుల వ్యాపార ప్రయోజనాలను పెంపొందించడం. రెండోది స్నేహం. వరుస గమనించండి. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునేవారు. దర్జీ ఒక్కడే, బొగ్గు వ్యాపారి ఒక్కడే. అందరి బొగ్గూ షీల్ దగ్గర, అందరి అచ్చు పనీ రగల్స్ దగ్గర. ఎవరు ఎవరికి ఎంత వ్యాపారం ఇచ్చారో, ఇప్పించారో లెక్క రాయడానికి ఒక సభ్యుడికి బాధ్యత అప్పగించారు. గణాంకుడు అనవచ్చు ఆయన్ని. మన శాలువా ఒక్కటే వాళ్లకు తట్టలేదు.

పద్ధతి పనిచేసింది. ఎందుకు పనిచేసిందో ఇంజనీరుగా నాకు అర్థమవుతుంది. పోటీదారు లేని గదిలో ఎవరూ ఏదీ దాచుకోరు. నా ధరలు, నా ఇబ్బందులు నిర్భయంగా చెప్పుకోవచ్చు. అవతలివాడు నా తరఫున మాట్లాడగలిగేంతగా నా పని నేర్చుకుంటాడు. 1985లో కాలిఫోర్నియాలో ఐవన్ మైస్నర్ మొదలుపెట్టిన బిఎన్ఐ ఈ సూత్రాల మీదే నడుస్తోంది, ఇప్పుడు మన నగరాల్లోనూ ఉంది. అలాంటిదే ఒక స్థానిక క్లబ్బులో నేనూ రెండేళ్లు ఉన్నాను. పొద్దున ఏడింటికి ఇడ్లీ, చేతిలో రిఫరల్ చీటీలు. నాకు పని దొరికింది కూడా. కాదనను.

చికాగోలో 1906లోనే ఒక చిన్న సంఘటన జరిగింది. ఫ్రెడరిక్ ట్వీడ్ అనే సభ్యుడు డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ వకీలును క్లబ్బులో చేరమన్నాడు. కార్టర్ నిబంధనావళి చదివి, చేరనన్నాడు. తమ సభ్యులకు తప్ప బయటివాళ్లెవరికీ ఉపయోగపడని సంఘం నిలవదని ఆయన అభిప్రాయం. ఆ మాట విని వీళ్లు కోపం తెచ్చుకోలేదు. అయితే నువ్వే వచ్చి మార్చు అన్నారు. ఆయన చేరాడు. చికాగో నగర ప్రయోజనాల కోసం పాటుపడటం అనే మూడో ఉద్దేశం ఆ ఏడాదే నిబంధనల్లోకి ఎక్కింది.

దాని కింద 1907లో ఎత్తుకున్న మొదటి పెద్ద పని ఏమిటో తెలుసా? నగరం నడిబొడ్డున ప్రజలకు మరుగుదొడ్లు కట్టించాలని ఉద్యమం. దానికి అడ్డుపడినవాళ్లు ఎవరనుకున్నారు? సారా వ్యాపారులు, పెద్ద బట్టల దుకాణాల వాళ్లు. మగవాళ్లకు మా సారా దుకాణాల్లో ఉన్నాయి, ఆడవాళ్లకు మా దుకాణాల్లో ఉన్నాయి, ఇంకెందుకు అని. అవసరానికి లోపలికి వచ్చినవాడు ఏదో ఒకటి కొనకుండా పోడు కదా! బయటివాళ్ల అవసరాన్ని తమ వ్యాపారంగా చూడటం అంటే ఏమిటో ఆ క్లబ్బువాళ్లు అవతలి పక్షాన చూశారు. ఆ అద్దంలో తమ మొహం కూడా కనపడి ఉంటుందని నా ఊహ.

ఇచ్చిపుచ్చుకున్న వ్యాపారాన్ని లెక్క రాసే పద్ధతి ఆ తరవాత కొద్ది ఏళ్లలోనే పోయింది. 1910లో పదహారు ఊళ్ల క్లబ్బులు చికాగోలో కలిసి జాతీయ సంఘంగా ఏర్పడ్డాయి. క్రమంగా సేవ అనే మాట ముందుకొచ్చి, వ్యాపారం వెనక్కి జరిగింది. 1919లో కలకత్తాకు వచ్చేసరికి అది మనకు తెలిసిన రోటరీ.

లెక్కల పుస్తకం ఎందుకు పోయిందో నాకు నా అనుభవం చెప్పింది. ఇది నేను ఇంతవరకు సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

2011లో మిర్యాలగూడలోని నా మొదటి మిల్లు పెద్దదైంది. కొత్త ప్యానెల్ నాదే. మెయిన్ కేబుల్ ఎవరి దగ్గర కొనాలని సేటు అడిగితే మన బడి జూనియర్ ఒకరి పేరు చెప్పాను. ఆ కుర్రవాడు కొత్తగా కేబుళ్ల దుకాణం పెట్టాడు. మనవాడు, కష్టపడి పైకొస్తున్నాడు. నేను ఊళ్లో లేను, కాబట్టి మాట్లాడి ఇప్పించింది లెక్కలు రాసే మా మిత్రుడే. కేబుల్ మీద 120 చదరపు మిల్లీమీటర్లు అని ఉంది. ఎవరో పరాయివాడు పంపిన కేబుల్ అయితే నేను తీగ మందం మైక్రోమీటరుతో కొలిచేవాణ్ణి, టెస్టు సర్టిఫికెట్ అడిగేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా కొలవకుండా ఒక్క మీటరు వాడలేదు. ఆ ఒక్కసారి కొలవలేదు. మనవాడు కదా.

వడ్లు మిల్లుకు వచ్చే రోజుల్లో, పూర్తి లోడు మీద, ప్యానెల్ దగ్గర కేబుల్ చివర కాలిపోయింది. విప్పి కొలిస్తే తీగలు సన్నం. ఆ కుర్రవాడిని కూడా ఎవరో మోసం చేశారట, నిజమే కావచ్చు. మిల్లు నాలుగు రోజులు ఆగింది. బయట వడ్ల లారీలు వరుసలో నిలబడ్డాయి. నా ఖర్చుతో కొత్త కేబుల్ వేయించాను. సేటు నన్ను ఒక్క మాట అనలేదు. మా మిత్రుడిని మాత్రం అందరి ముందు అడిగాడట, "వీళ్లంతా మీ స్కూలోళ్లేనా?" అని. పన్నెండేళ్లుగా అతని దగ్గరున్న గల్లాపెట్టె తాళంచెవి ఆ వారంలో సేటు బావమరిది చేతికి పోయింది. ఈ సంగతి అతను నాకు చెప్పలేదు. ఆ మిల్లు ఎలక్ట్రీషియన్ చెప్పాడు, అదీ ఏడాది తరవాత. అడిగితే "పోనీ లేరా" అన్నాడు. ఆ తరవాత మన సంఘం సభలకు అతను రాలేదు.

ఆ ఏడాది మనకు చికాగోవారి లెక్కల పుస్తకం ఉంటే అందులో ఏం రాసి ఉండేవాళ్లం? నేను జూనియర్‌కు ఒక పెద్ద ఆర్డరు ఇప్పించినట్టు. శాలువా నాకే. పోయిన తాళంచెవికి ఆ పుస్తకంలో గడి లేదు. ఇప్పించిన పని ఎంతో రాయగలం. ఒకరి మాట మీద ఇంకొకరు, వాళ్ల మాట మీద మరొకరు ఎంత పూచీ పడ్డారో రాయలేం. పని ఇప్పించడాన్ని లెక్కకట్టి సన్మానిస్తే, చీటీల సంఖ్య పెంచడానికి కొలవడం మానేస్తాం. నేను శాలువా లేకుండానే మానేశాను.

ఇంకో సంగతి తలుపు గురించి. కాలిఫోర్నియాలో డువార్టే అనే చిన్న ఊరి రోటరీ క్లబ్బు 1977లో ముగ్గురు స్త్రీలను చేర్చుకుంది. అప్పటికి అది మగవాళ్లకే పరిమితమైన సంస్థ. మరుసటి ఏడాది ఆ క్లబ్బు గుర్తింపు రద్దయింది. వాళ్లు కోర్టుకెక్కారు. ఇది స్నేహితుల సంఘం, ఎవరిని చేర్చుకోవాలో మా ఇష్టం అన్నది సంస్థ వాదన. కాలిఫోర్నియా అప్పీలు కోర్టు, సభ్యత్వం వల్ల వ్యాపార ప్రయోజనాలు దక్కుతున్నాయి కాబట్టి వ్యాపార సంస్థలకు వర్తించే చట్టమే దీనికీ వర్తిస్తుందన్నది. 1987 మే 4న అమెరికా సుప్రీం కోర్టు కూడా స్త్రీల పక్షానే తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సిల్వియా విట్‌లాక్ అనే స్కూలు ప్రిన్సిపాల్ డువార్టే క్లబ్బు అధ్యక్షురాలైంది. 1989లో నిబంధనే మారింది. లెక్కల పుస్తకం మూసేసి డెబ్భై ఏళ్లయినా, ఆ గదిలో ఉండటం వల్ల పని దొరుకుతుందన్న నిజం పోలేదన్నమాట.

ఇది చదివినప్పుడు అమెరికా సంగతిలే అనుకున్నాను. తరవాత మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు తెరిచి లెక్కపెట్టాను. మా పదో తరగతిలో 42 మందిమి. ఆడపిల్లలు 17 మంది. గ్రూపులో ఉన్నది ముగ్గురు. పెళ్లిళ్లయి ఇంటిపేర్లు మారిన మిగతావాళ్లను మేం వెతకనే లేదు. రెండేళ్ల కింద బడికి కొత్త గదులు ప్రారంభించిన రోజున మా క్లాసు అమ్మాయి ఒకామె వచ్చింది. (యాభై ఐదేళ్ల మనిషిని అమ్మాయి అంటున్నానని నవ్వకండి, క్లాసులో అందరికీ పద్నాలుగేళ్లే.) భర్త పోయాక సూర్యాపేట దగ్గర పశువుల దాణా ఫ్యాక్టరీ తనే నడుపుతోంది. ఆరు మోటార్లకు ప్యానెళ్లు కోయంబత్తూరు నుంచి తెప్పించిందట. రిపేరుకు మనిషి రావాలంటే వారం పడుతుందట. "నాకు చెప్పొద్దా?" అన్నాను. "నువ్వు ప్యానెళ్లు చేస్తవని నాకెవరు చెప్పిన్రు?" అంది. నేను తలదించుకున్నాను.

కాబట్టి డైరెక్టరీ వేయాల్సిందే. నా ఆక్షేపణ దాని మీద కాదు. అన్ని బ్యాచ్‌లవాళ్లూ ఉండాలి, ముందు అక్కచెల్లెళ్లను వెతికి పట్టుకుని వాళ్ల పేర్లు వేయాలి. వృత్తికి ఒక్కరనే నియమం మనకు పనికిరాదు. ఇరవై మంది ఉండే క్లబ్బులో అది పోటీ తగ్గిస్తుంది. ఒకే బడిలో చదివిన ఇద్దరు ప్లంబర్లలో ఒకరి పేరు వేసి ఇంకొకరిది కొట్టేయడానికి మనమెవరం? ఎవరైనా ఎవరినైనా సిఫార్సు చేస్తే, వాళ్ల పని తాను స్వయంగా చూశాడో లేదో, ఎప్పుడు చూశాడో ఒక్క వాక్యం చెప్పాలి. చూడకపోతే చూడలేదనే చెప్పాలి, అందులో అవమానం ఏమీ లేదు. లెక్కా వద్దు, శాలువా వద్దు. ఆ డబ్బుతో ఇప్పుడు పది చదువుతున్న పిల్లల్ని ఏడాదికోసారి మన షెడ్లకు, దుకాణాలకు తీసుకెళ్లి చూపిద్దాం. వాళ్లు మనకు ఏ ఆర్డరూ ఇవ్వరు. కార్టర్‌గారు ఉంటే ఒప్పుకునేవారు. ప్రతిపాదన స్వర్ణోత్సవం రెండోరోజు సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. అక్కడ నన్ను కాదనేవాళ్లు ఉంటారని తెలుసు, రండి, మాట్లాడుకుందాం.

డైరెక్టరీకి మా బ్యాచ్ పేర్లు సేకరించే పని నా మీద పడింది. పోయిన ఆదివారం మిర్యాలగూడ వెళ్లాను. మా మిత్రుడు ఇప్పుడు వేరే మిల్లులో ఉన్నాడు. కేబుల్ సంగతి ఈ వ్యాసంలో రాస్తానని చెప్పి అనుమతి అడిగాను. నా పేరు, మిల్లు పేరు రాయకు, మిగతాది నీ ఇష్టం అన్నాడు. స్వర్ణోత్సవానికి వస్తావా అంటే కాసేపు ఆలోచించి, వస్తానన్నాడు. డైరెక్టరీలో నీ పేరు ఏ వ్యాపారం కింద వేయమంటావని అడిగాను.

"నాకేం వ్యాపారం ఉంది రా," అన్నాడు. "గుమాస్తా అని రాయి."